పొలమునకు వచ్చు కరెంటు – దాని దారి, దాని కబురు



మెట్‌పల్లి ప్రాంతమున సేద్యపు నీటికి రెండు ఆధారములు కలవు. శ్రీరాంసాగరు నుండి వచ్చు కాకతీయ కాలువ ఒకటి. బావులు, బోర్లు రెండవది. కాలువ నీరు ఎక్కని మెరక భూములలోను, కాలువ కట్టివేసిన దినములలోను పసుపు, మక్కజొన్న, యాసంగి వరి ఈ బోరుబావుల మీదనే బ్రదుకుచున్నవి. బావిలో నీరుండియు కరెంటు లేనిచో మడి తడవదు. పొట్ట దశలోనున్న వరికి నీరు తప్పినచో గింజ తాలుగా మారును. కావున విత్తనము, ఎరువు, చీడపీడలను గూర్చి తెలిసికొన్నట్లే, కరెంటు ఏ దారిన వచ్చుచున్నదో, దారిలో అడ్డము వచ్చినపుడు ఆ కబురు ఎవరికి ఎట్లు తెలియుచున్నదో రైతు తెలిసికొనవలెను. ఇది తెలియక మోటర్లు కాలుచున్నవి, ట్రాన్స్‌ఫార్మర్లు పాడగుచున్నవి. అన్నింటికంటె ముఖ్యముగా ప్రాణములు పోవుచున్నవి. ఈ పాఠము అందుకొరకు వ్రాయబడినది.

1. కరెంటు నడచు దారి

కాలువ నీరు పెద్ద కాలువ నుండి ఉపకాలువకు, అక్కడ నుండి తూమునకు, తూము నుండి మడికి వచ్చునట్లే కరెంటు కూడ మెట్టుమెట్టుగా దిగివచ్చును. ఉత్పత్తి కేంద్రము నుండి అధిక వోల్టేజి లైన్ల మీద బయలుదేరి, 220, 132 కె.వి. సబ్‌స్టేషన్లు దాటి, 33 కె.వి. లైనుపై మీ మండలములోని చిన్న సబ్‌స్టేషనుకు చేరును. అక్కడ 11 కె.వి.కి తగ్గి, ఫీడరు అను లైనుపై గ్రామములకు పోవును. చివరకు మీ పొలము వద్దనున్న ట్రాన్స్‌ఫార్మరులో సుమారు 415 వోల్టులకు తగ్గి మూడు ఫేజులతో మోటరును చేరును.

ఇంత హెచ్చు వోల్టేజితో ఎందుకు పంపవలెనని మీరడుగవచ్చును. తీగలో పోవు నష్టము ప్రవాహమును బట్టియుండును. ప్రవాహము రెట్టింపైనచో నష్టము నాలుగు రెట్లగును. వోల్టేజి హెచ్చినకొలది అదే శక్తిని తక్కువ ప్రవాహముతో పంపవచ్చును. అందువలన 11 కె.వి. లైనును పొలము దగ్గరకు తెచ్చి, పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఒకటి పెట్టి దాని నుండి దూరదూరముగా తీగలు లాగుటకు మారుగా, నాలుగైదు మోటర్లకు 16 లేక 25 కె.వి.ఏ. చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టు పద్ధతి వచ్చినది. దీనివలన చివరి బావికి కూడ వోల్టేజి సరిగా అందును. ఒకటి కాలినను నలుగురికే ఆటంకము, నలువది మందికి కాదు. అయితే చిన్న ట్రాన్స్‌ఫార్మరు మోయగల బరువు కూడ చిన్నదే. ఈ సంగతి ముందు చెప్పబోవు విషయమునకు కీలకము.

2. ఈ ప్రాంతమున విద్యుత్ సంస్థలు

1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడినది. 1999లో దానిని విభజించి, 2000లో పంపిణీకై ప్రత్యేక సంస్థలను నెలకొల్పిరి. వరంగల్లు కేంద్రముగానున్న ఉత్తర మండల పంపిణీ సంస్థయే మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతములకు కరెంటు ఇచ్చుచున్నది.

పొరుగుననున్న సిరిసిల్లకు మరియొక ప్రత్యేకత కలదు. అక్కడ 1970 నుండి సహకార విద్యుత్ సరఫరా సంఘము పనిచేయుచున్నది. దేశమున మొట్టమొదట ప్రయోగముగా నెలకొల్పిన ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో అది ఒకటి. సంఘము కరెంటును టోకుగా కొని, వాడుకరులనే సభ్యులుగా చేర్చుకొని, మగ్గములకును బావులకును పంచుచున్నది. తీగ సంఘముదైనను, సంస్థదైనను దానిని కాపాడుటలో వాడుకరికి పాలున్నదను పాఠమును సిరిసిల్ల మనకు నేర్పుచున్నది.

3. పూర్వము కబురు తెలియు విధము

వ్యవసాయమునకు కరెంటు వంతులవారీగా, తరచు రాత్రివేళ వచ్చిన కాలము మీకందరకు జ్ఞాపకమే. ఆ దినములలో రైతులు బావి వద్ద కర్రకు ఒక బల్బు కట్టి, ఇంటి ముంగిట నుండి దానినే చూచుచుండెడివారు. ఒక వృద్ధ రైతు నాతో, "సారూ, గా బుగ్గ ఎలిగితేనే మాకు కబురు. దాన్ని చూసుకుంటనే సగం రాత్రి గడిచేది" అనెను. అది మన పల్లెలో మొదటి కబురు యంత్రము. బల్బు వెలుగగనే చీకటిలో గట్ల వెంట పోవలసి వచ్చెడిది. పాముకాటులు, కరెంటు షాకులు అట్లే జరిగెడివి.

లైనులో లోపము వచ్చినను అంతే. తీగ ఎక్కడ తెగినదో ఎవరికిని తెలియదు. లైన్‌మన్ సైకిలుపై ఫీడరు పొడవునా స్తంభము తరువాత స్తంభము చూచుకొనుచు పోయెడివాడు.

4. నేడు యంత్రములు చెప్పు కబురు

సబ్‌స్టేషనులో ప్రతి ఫీడరుకు ఒక రిలే, ఒక బ్రేకరు ఉండును. రిలే కాపరి వంటిది. బ్రేకరు తలుపు వంటిది. లైనుపై రెండు తీగలు రాచుకొన్నను, కొమ్మ పడినను ప్రవాహము ఒక్కసారిగా పెరుగును. రిలే దానిని గుర్తించి, రెప్పపాటులో బ్రేకరును తెరచి కరెంటును ఆపును.

దీనికి తోడు, సబ్‌స్టేషనులోని వోల్టేజి, ప్రవాహము, బ్రేకరు స్థితి మొదలగు వివరములను సేకరించి రేడియో, ఆప్టికల్ ఫైబరు లేక సెల్‌ఫోను వలల ద్వారా దూరమందున్న నియంత్రణ కేంద్రమునకు పంపు యంత్రములు వచ్చినవి. ఈ ఏర్పాటునే స్కాడా అందురు. కేంద్రమున కూర్చున్నవారు ఏ ఫీడరు ఆగినదో తెరపై చూడగలరు. ఏర్పాటు ఉన్నచోట అక్కడనుండియే బ్రేకరును కలుపగలరు. లైనుపై అక్కడక్కడ దోషసూచికలను కట్టినచో, లోపపు ప్రవాహము ఏ స్తంభము వరకు పోయినదో అవి దీపము వెలిగించి చూపును. అప్పుడు లైన్‌మన్ మొత్తము ఫీడరు తిరుగనక్కరలేక, రెండు సూచికల నడుమ మాత్రమే వెదకిన చాలును.

ఈ కబురు ఎంత విలువైనదో 2012లో దేశమంతయు చూచినది. ఆ సంవత్సరము జూలై 30, 31 తేదీలలో అధిక భారముతోనున్న లైను ఆగిపోగా, ఒకదాని వెంట ఒకటిగా లైన్లు ఆగి, రెండవ దినమున ఉత్తర, తూర్పు, ఈశాన్య రాష్ట్రములు చీకటిలో మునిగినవి. అప్పటికి దక్షిణ గ్రిడ్డు వేరుగానుండుటచే మనకు ఆ బాధ కలుగలేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో మన గ్రిడ్డు కూడ దేశపు గ్రిడ్డుతో కలిసినది. నేడు దేశమంతయు ఒకే 50 సైకిళ్ల లయపై నడచుచున్నది. మెట్‌పల్లిలో ఒక రైతు మోటరు వేసినపుడు పడు భారము దేశమందలి జనరేటర్లన్నింటిపైనను కొంచెము కొంచెముగా పంచుకొనబడును.

5. యంత్రము చూడలేని చోటు

ఇన్ని యంత్రములున్నవి కదా, ఇక భయమేమియని అనుకొనరాదు. యంత్రపు చూపునకు హద్దులు కలవు. వీటిని ప్రతి కుటుంబమును తెలిసికొనవలెను.

మొదటిది: తెగిన తీగ ఎండిన నేలపైనో, రాళ్లపైనో, ఎండుగడ్డిపైనో పడినచో నేలలోనికి పోవు ప్రవాహము చాల స్వల్పము. దానిని రిలే మామూలు బరువుగానే భావించి ఊరకుండవచ్చును. ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు కూడ కరగకపోవచ్చును. అనగా, నేలపై పడిన తీగలో కరెంటు ఉండవచ్చును.

రెండవది: అనేక లోపములు క్షణికములు. కొమ్మ తగిలి జారిపోవును. పక్షి తగిలి పడిపోవును. కావున బ్రేకరు తెరచుకొన్న కొద్దిసేపటికి కొన్నిచోట్ల యంత్రమే మరల కలుపును. మరికొన్నిచోట్ల ఆపరేటరు కలిపి చూచును. ఇప్పుడు కరెంటు లేని తీగలో మరుక్షణమే కరెంటు రావచ్చును.

కావున పడిన తీగను "కరెంటు పోయినది" అను నమ్మకముతో ఎన్నడును తాకరాదు. పశువులను, పిల్లలను దూరముగా నుంచి, ఒకరు కాపలా ఉండి, మరియొకరు కబురు చేయవలెను.

మూడవది: స్కాడా చూపు ముఖ్యముగా సబ్‌స్టేషను, ఫీడరు వరకే. మీ బావి దగ్గరి ట్రాన్స్‌ఫార్మరుపై ఒక ఫేజు ఫ్యూజు పోయినదని, నూనె కారుచున్నదని, తీగ వ్రేలాడుచున్నదని చాలచోట్ల దానికి తెలియదు. అక్కడ మీ కన్నే యంత్రము, మీ మాటయే కబురు.

6. కబురు చెప్పు పద్ధతి

1912 అను నంబరుకు ఫోను చేసి విద్యుత్ ఫిర్యాదు చెప్పవచ్చును. "మా ఊళ్లో కరెంటు లేదు" అని మాత్రము చెప్పినచో పని ఆలస్యమగును. ఈ ఐదు సంగతులు చెప్పవలెను:

(1) గ్రామము, మండలము. (2) ట్రాన్స్‌ఫార్మరు నంబరు – అది దిమ్మెపైనో, స్తంభముపైనో వ్రాయబడియుండును. (3) మీ సర్వీసు నంబరు. (4) మీరు కన్నులార చూచినది – తీగ తెగినదా, ఫ్యూజు పోయినదా, పొగ వచ్చినదా, ఒక ఫేజు మాత్రమే లేదా. (5) ఎప్పటి నుండి.

తీగ నేలపై పడియున్నచో ఆ మాట అన్నింటికంటె ముందు చెప్పవలెను. అప్పుడే సబ్‌స్టేషనువారు ఆ ఫీడరును మరల కలుపకుండ ఆపగలరు.

7. ఆటోస్టార్టరు చేయు కీడు

వంతులవారీ సరఫరా కాలమున, రాత్రి బావికి పోవు బాధ తప్పుటకు రైతులు ఆటోస్టార్టర్లు బిగించుకొనిరి. ఆనాడు దానికి కారణము కలదు. 2018 జనవరి 1 నుండి తెలంగాణములో వ్యవసాయమునకు 24 గంటల సరఫరా విధానము ప్రారంభమైనది. దానికి ముందుగానే ఆటోస్టార్టర్లను తొలగించుడని ప్రభుత్వము రైతులకు నచ్చజెప్పినది. అయినను అనేక బావుల వద్ద అవి ఇంకను ఉన్నవి. వాటివలన కలుగు నష్టమును లెక్కతో చూతము.

ఒక 5 హెచ్.పి. మోటరు నడచునపుడు సుమారు 8 ఆంపియర్ల కరెంటు తీసికొనును. 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగినది సుమారు 33 ఆంపియర్లు. అనగా నాలుగు మోటర్లకు అది సరిగా సరిపోవును. కాని మోటరు బయలుదేరునపుడు, నడచునప్పటికంటె ఐదారు రెట్లు హెచ్చుగా, అనగా 40 నుండి 50 ఆంపియర్లు లాగును. ఒక్కొక్కటిగా వేసినచో ఈ పోటు కొన్ని సెకండ్లలో తగ్గిపోవును. కరెంటు పోయి తిరిగి వచ్చినపుడు నాలుగు ఆటోస్టార్టర్లు ఒకేసారి కలిపినచో సుమారు 180 ఆంపియర్ల పోటు పడును. అది దాని శక్తికి ఐదు రెట్లకు మించినది. వోల్టేజి క్రుంగును, క్రుంగిన వోల్టేజితో ఏ మోటరును సరిగా అందుకొనలేదు, అందుకొనలేక ఇంకను కరెంటు లాగుచు చుట్టలు కాగును. ఫ్యూజు పోవును, లేక ట్రాన్స్‌ఫార్మరే కాలును. అది మార్చువరకు నలుగురి పైరును ఎండవలసినదే.

ఇంకను రెండు కీడులు కలవు. మనిషి లేకుండ నడచు మోటరు మడి నిండినను ఆగదు, భూగర్భజలము వ్యర్థమగును. పసుపు చేనిలో నీరు నిలిచినచో దుంపకుళ్లు తెగులు వచ్చును. రెండవది, కరెంటు లేదని మోటరుపై చేయి వేసినవాని చేతిలోనే అది అకస్మాత్తుగా తిరుగనారంభించును.

8. చేయదగిన ఏర్పాటు

(అ) ఆటోస్టార్టరు తీసివేసి, ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులందరు మోటర్లు వేయు వరుసను నిర్ణయించుకొనవలెను. మొదటివాడు వేసిన రెండు నిముషములకు రెండవవాడు, తరువాత మూడవవాడు. కరెంటు పోయి వచ్చినపుడు కూడ ఇదే వరుస. ఇందుకు పైకము అవసరము లేదు, మాట కట్టుబాటు చాలును.

(ఆ) ప్రతి మోటరుకు కెపాసిటరు బిగించవలెను. 5 హెచ్.పి.కి 2 కె.వి.ఏ.ఆర్., 3 హెచ్.పి.కి 1 కె.వి.ఏ.ఆర్. తగును. దీనివలన 5 హెచ్.పి. మోటరు తీసికొను కరెంటు సుమారు 8 నుండి 7 ఆంపియర్లకు తగ్గును. నాలుగు మోటర్లకు 32కు బదులు 28 అగును. తీగలలోని నష్టము సుమారు నాలుగవ వంతు తగ్గును. ట్రాన్స్‌ఫార్మరు వేడి తగ్గి, చివరి బావికి వోల్టేజి మెరుగగును.

(ఇ) ఒక ఫేజు పోయినపుడు మోటరును ఆపు సాధనము స్టార్టరులో ఉండవలెను. రెండు ఫేజులపై నడచు మోటరు త్వరలోనే కాలును.

(ఈ) సెల్‌ఫోనుతో నడచు స్టార్టర్లు నేడు దొరకుచున్నవి. ఇవి కరెంటు ఉన్నదా లేదా, మోటరు నడచుచున్నదా, బోరు ఎండినదా అను కబురును ఫోనునకు పంపును. ఇంటి నుండియే వేసి ఆపవచ్చును. రాత్రి ప్రయాణము తప్పించుటకు ఇవి మేలైనవే. అయితే మూడు నియమములు పాటించవలెను. కరెంటు రాగానే దానంతట అదే కలుపు ఏర్పాటును మూసియుంచవలెను. బావి వద్ద "ఈ మోటరు ఎప్పుడైనను తిరుగవచ్చును" అని పెద్ద అక్షరములతో బోర్డు వ్రాయవలెను. మరమ్మతుకు ముందు మెయిను ఆపి, ఫ్యూజులు తీసి జేబులో వేసికొనవలెను. ఇంకొక మాట: మోటరు నడచినదని ఫోను చెప్పును గాని, మడి తడిసినదని చెప్పదు. పైపు పగిలినను, గండి పడినను దానికి తెలియదు. దినమునకు ఒకసారియైనను చేనికి పోవలసినదే.

9. ప్రాణరక్షణ

ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు వేయుట రైతు పని కాదు. పైరు ఎండుచున్నదను ఆతురతలో దిమ్మె ఎక్కి చనిపోయినవారి కుటుంబములు మన పల్లెలలో ఉన్నవి. ఏ.బి. స్విచ్చి దించినను మూడు కత్తులలో ఒకటి తుప్పుపట్టి అంటుకొనియే ఉండవచ్చును. ఎవరో జనరేటరు నడుపుటవలన క్రింది తీగ నుండి కరెంటు ఎదురుగా రావచ్చును. మీరు పైనుండగా తెలియని వేరొకరు స్విచ్చి వేయవచ్చును. అనుమతి తీసికొని, లైను ఆపించి, తీగలను భూమితో కలిపి పనిచేయుట తెలిసినవాడు లైన్‌మన్. ఒక పూట పైరు ఆగును. పోయిన మనిషి తిరిగి రాడు.

ఫ్యూజు స్థానమున లావు తీగ కట్టరాదు. ఫ్యూజు బలహీనముగా ఉండుటయే దాని బలము. అది కరగుటవలననే మోటరును, మనిషియు మిగులుదురు. మోటరు పెట్టెకు సరియైన ఎర్తు ఉండవలెను. బొగ్గు, ఉప్పు వేసిన ఎర్తు గుంటలో ఎండకాలమున నీరు పోయుచుండవలెను. మక్కజొన్నకు అడవిపందుల బెడద నిజమే. కాని కంచెకు కరెంటు పెట్టుట నేరము. ఆ కంచెకు పంది కంటె ముందు పొరుగు రైతో, మన బిడ్డయో తగులవచ్చును.

ఎవరికైనను షాకు తగిలినచో వారిని చేతితో పట్టి లాగరాదు. ముందు మెయిను ఆపవలెను. వీలులేనిచో పొడి కర్రతో మోటరు తీగను తప్పించవలెను. ఇది మోటరు తీగకు మాత్రమే, 11 కె.వి. తీగకు కర్ర కూడ రక్ష కాదు, లైను ఆగువరకు దూరముగా నుండవలెను. ఊపిరి ఆగినచో రొమ్ము మధ్య రెండు అరచేతులతో ఆపకుండ గట్టిగా నొక్కుచు, 108కి ఫోను చేయించవలెను.

10. గ్రామాధికారులకు మనవి

పంచాయతి కార్యాలయపు గోడపై గ్రామములోని ట్రాన్స్‌ఫార్మర్ల నంబర్లు, ఒక్కొక్కదాని క్రింది మోటర్ల సంఖ్య, లైన్‌మన్ ఫోను నంబరు, 1912, 108 వ్రాయించవలెను. ఒక పుస్తకమున కరెంటు పోయిన తేది, వేళ, వచ్చిన వేళ, కారణము వ్రాయుచుండవలెను. మూడు మాసములు ఇట్లు వ్రాసినచో ఏ ట్రాన్స్‌ఫార్మరుపై బరువు ఎక్కువైనదో, ఏ చెట్టు కొమ్మ మాటిమాటికి తగులుచున్నదో తెలియును. లెక్కతో అడిగిన కోరికను ఏ అధికారియైనను త్రోసివేయుట కష్టము. తొలకరికి ముందు లైను వెంబడి కొమ్మలను, విద్యుత్ సిబ్బంది లైను ఆపిన పిమ్మట, వారి సమక్షమున కొట్టించవలెను.

జ్ఞాపకముంచుకొనవలసినవి

పడిన తీగలో కరెంటు ఉన్నదనియే భావింపుడు. ట్రాన్స్‌ఫార్మరు ఎక్కకుడు. ఆటోస్టార్టరు తీసివేయుడు. వరుసగా మోటర్లు వేయుడు. కెపాసిటరు పెట్టుడు. నంబరుతో సహా కబురు చెప్పుడు.

ఈ రాత్రియే మీ ట్రాన్స్‌ఫార్మరు క్రింది నలుగురు రైతులును ఒకచోట కూర్చుండి, ఎవరి తరువాత ఎవరు మోటరు వేయవలెనో నిర్ణయించి ఒక కాగితముపై వ్రాసికొనుడు. ఇంటిలోని ఆడవారికిని, బడికి పోవు పిల్లలకును ఆ కాగితమును, పై నియమములను చదివి వినిపింపుడు. రేపటి నుండి ఆ వరుసనే పాటింపుడు.